ఏడు బకెట్లు, ఒక తడవని కుర్చీ

విరాళాలిచ్చే ఫౌండేషన్ వాళ్ళు హాలు చూడడానికి వస్తున్నారని తెలియగానే మేము చేసిన మొదటి పని, బకెట్లు దాచడం.

మొత్తం ఏడు. మా కాలనీ యువజన కేంద్రం ఒకప్పుడు సామాన్ల గోడౌను. రేకుల కప్పుకి ఏడు చోట్ల చిల్లులు. ఏ చిల్లు కింద ఏ బకెట్ పెట్టాలో మాలో అందరికీ కంఠతా వచ్చు. వాన పడితే కారని చోటు ఒకే ఒక్కటి, కిటికీ పక్కన. అక్కడ మా మేనత్త కుర్చీ ఉంటుంది. ఆవిడ కమిటీ ప్రెసిడెంటు. టెలిఫోన్ ఆపరేటరుగా రిటైరై ఆరేళ్ళయింది కానీ ఆ గొంతు ఇంకా డ్యూటీలోనే ఉంది.

"పరువు గల వాళ్ళెవరైనా వచ్చినవాళ్ళకి చిరుగులు చూపిస్తారా? తీసేయండి అన్నీ," అంది అత్త.

తీసేశాం. గోడ మీద మరకలకి సున్నం కొట్టాం. నేను ప్లంబర్ని. పగలంతా ఇంటింటికీ తిరిగి కుళాయిలు బాగుచేసి, సాయంత్రం ఈ హాల్లో నలభైమంది కుర్రకారుకి కేరమ్స్ నుంచి కంప్యూటర్ దాకా నాకు తెలిసినదల్లా నేర్పిస్తాను. ఆ రోజు మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాను.

ఎవరో పెద్దాయన కారులో దిగుతారనుకుంటే, స్కూటర్ మీద ఒక అమ్మాయి వచ్చింది. హెల్మెట్ తీసి, హాలు నాలుగు మూలలూ చూసి, ఫైలు తెరిచింది.

"బాగుందండీ," అంది.

అత్త మొహం వెలిగిపోయింది.

"ఇంత బాగున్న హాలుకి మా ఫండ్స్ ఎందుకు?"

సెక్రటరీగారు, అంటే మేమంతా రూల్సు మాస్టారు అని పిలుచుకునే రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు, గొంతు సవరించుకుని "అంటే మేడమ్, కొన్ని ఇబ్బందులు..." అంటూండగానే వాన మొదలైంది. మొదటి చుక్క సరిగ్గా ఆమె ఫైలు మీద పడింది. రెండోది ముక్కు మీద.

ఆమె తలెత్తి కప్పుని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"బకెట్ ఏమైనా ఉందా?"

"ఎన్ని కావాలండీ?" అన్నాను, బుర్ర పనిచేయక.

స్టేజీ తెర లాగితే ఏడూ బయటపడ్డాయి. ఆమె నవ్వు ఆపుకోవడానికి కింది పెదవి కొరుక్కోవడం నేను చూశాను. ఆ రోజంతా నాకు గుర్తున్నది అదొక్కటే అంటే మీరు నమ్మాలి.

"ఇంకేం దాచారు?"

"ఆ కేలండర్ వెనక..."

కేలండర్ ఎత్తి చూసింది. దాని కింద మున్సిపాలిటీ నోటీసు. మూడు నెలల్లో కప్పు మార్చకపోతే హాలుకి తాళం.

"ఇది కదండీ అప్లికేషన్‌లో రాయాల్సింది," అంది, ఈసారి నవ్వకుండా. "మీరేమో 'సకల సౌకర్యాలతో విరాజిల్లుతున్న' అని రాశారు. కొత్తగా రాయండి. ఉన్నది ఉన్నట్టు. అబద్ధం ఒక్కటి కనిపించినా ఫైలు మూసేస్తాను. వచ్చే మంగళవారం వస్తా."

'విరాజిల్లుతున్న' రాసిన మాస్టారు కిటికీలోంచి వాన చూస్తూ నిలబడ్డారు.

అలా మొదలయ్యాయి మా మంగళవారాలు. ఆమె ఎర్ర పెన్నుతో కొట్టేసేది, నేను మళ్ళీ రాసేవాణ్ణి. రెండో మంగళవారం నేను గీసిన కొత్త ప్లాన్ చూపించాను, మెచ్చుకుంటుందని.

"బాత్రూములు పెరటి చివర పెట్టారేంటి?"

"అక్కడైతే పైపు లైను ఈజీ అండీ. ప్లంబర్ని, ఆ మాత్రం తెలీదా?"

"ఆరు దాటితే ఆడపిల్లలు ఎందుకు రావట్లేదో తెలుసా?"

"చదువులని..."

"అడిగారా?"

అడగలేదు. ఆ వారం అడిగాను. ఇప్పుడున్న బాత్రూము పెరట్లోనే కదన్నా, అక్కడ చీకటి, అందుకే ఆరింటికే వెళ్ళిపోతాం అన్నారు. నాలుగేళ్ళుగా రోజూ చూస్తున్న పిల్లలు. నాకు తల కొట్టేసినట్టయింది. ప్లాన్ చింపేసి, బాత్రూములు హాలు లోపలికే వచ్చేలా మళ్ళీ గీశాను. మూడో మంగళవారం ఆమె దాన్ని చాలాసేపు చూసింది.

"పైపు లైను కష్టం కదా?"

"నేనే వేస్తాను. కూలి అడగను."

ఎర్ర పెన్ను మూత పెట్టేసింది. ఆ రోజు ఒక్క గీత కూడా కొట్టలేదు.

నాలుగో మంగళవారం సాయంత్రం జోరు వాన. వెళ్దామని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. పక్కనే నేను. వాన ఆమె చెప్పుల మీద చిందుతోంది, ఆమె వెనక్కి జరగట్లేదు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనిపించింది.

"మీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పకండి."

"ఏంటో వినకుండానే?"

"ఫైలు నా చేతిలో ఉంది. ఉన్నంతకాలం చెప్పకండి. ప్లీజ్."

వాన తగ్గకుండానే స్కూటర్ ఎక్కి వెళ్ళిపోయింది.

ఐదో మంగళవారం ఆమె రాలేదు. లావు కళ్ళద్దాల ఆఫీసరు ఒకాయన వచ్చి, ఇకనుంచి మీ ఫైలు నాది అన్నాడు. ఎందుకని అడిగితే ఆఫీసు నుంచి ఉత్తరం వస్తుందన్నాడు. చెప్పీ చెప్పని ఒక్క మాటతో ఆమెనీ పోగొట్టుకున్నాను, నలభైమంది పిల్లల హాలునీ ఇరకాటంలో పెట్టాను.

రెండు రోజులు అత్త నన్ను గమనించి మూడో రోజు నిలదీసింది. అంతా చెప్పేశాను.

"ఆ అమ్మాయి వద్దందా, చెప్పకండి అందా?"

"రెండూ ఒకటే కదత్తా."

"ముప్ఫై ఏళ్ళు లైన్లు కలిపినదాన్నిరా. లేరు అనడం వేరు, కాసేపాగి చేయండి అనడం వేరు. పోయి పని చూసుకో."

కళ్ళద్దాల ఆయన మళ్ళీ వచ్చిన రోజున వాన పడింది. ఈసారి ఏమీ దాచలేదు. ఏడు బకెట్లూ వాటి చోట్లలో ఉన్నాయి, నోటీసు గోడ మీద ఉంది. పిల్లలు వాటి మధ్యనే కూర్చుని చదువుకుంటున్నారు. ఆయన ఒక బకెట్ నిండితే తనే పారబోసి వచ్చి, ఫైల్లో ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

తాళం గడువు ఇంకో పదిహేను రోజులుందనగా ఉత్తరం వచ్చింది. కమిటీ అంతా కూర్చుంది. అత్త నిలబడి, దూరపు ఊరి లైనులో మాట్లాడుతున్నట్టు గట్టిగా చదివింది. కొత్త కప్పు మంజూరు. బాత్రూములు మంజూరు. పని మొదలయ్యాక తాళం వేయబోమని మున్సిపాలిటీ కూడా ఒప్పుకుంది. మాస్టారు ఉన్నచోటే అటెన్షన్‌లో నిలబడి కళ్ళు తుడుచుకున్నారు.

"ఆగండి, ఇంకా ఉంది," అంది అత్త. "గమనిక. ఈ ఫైలును మొదట పరిశీలించిన అధికారిణి, మీ కమిటీలోని ఒక సభ్యుడితో తనకు వ్యక్తిగత సంబంధం ఉన్నదని స్వయంగా ప్రకటించి తప్పుకున్నందున, నిబంధనల ప్రకారం ఫైలు వేరొకరికి అప్పగించడమైనది."

మా కమిటీలో మగవాళ్ళం ఇద్దరమే.

"నాకే సంబంధమూ లేదు," అన్నారు మాస్టారు ముందుజాగ్రత్తగా.

అందరూ నా వైపు తిరిగారు.

"ఎప్పట్నుంచిరా?"

"నాకూ ఇప్పుడే తెలిసింది మాస్టారూ."

అత్త కళ్ళజోడు సర్దుకుని, ఆమె తప్పుకున్న తేదీ చూసింది. నాలుగో మంగళవారం మర్నాడు. నేను అప్పటికే గుమ్మంలో ఉన్నాను.

ఫౌండేషన్ ఆఫీసు రెండో అంతస్తు. ఆమె జిరాక్స్ మెషిన్ దగ్గర కాగితాలు తీస్తోంది. నన్ను చూసి ఆగింది గానీ, మెషిన్ ఆగలేదు.

"ఉత్తరం వచ్చిందా?"

"వచ్చింది. మా అత్త చదివింది. కమిటీ అంతా విన్నారు."

ఆమె చేత్తో మొహం కప్పుకుంది. "మీ ఒక్కరికే వస్తుందనుకున్నా."

"నన్ను మాట్లాడొద్దని, మీరు మాత్రం రాసిచ్చేశారు. ఇదేం న్యాయం?"

"ఆ ఫారంలో రెండే గళ్ళున్నాయి. సంబంధం ఉంది, లేదు. లేదు దగ్గర టిక్ పెట్టబోయాను." గొంతు తగ్గించింది. "అబద్ధం రాయొద్దని మీతో అన్నదాన్ని నేనే కదా. చెయ్యి రాలేదు."

"మన మధ్య ఇంకా ఏమీ లేదు కదండీ. నాలుగు మంగళవారాలేగా."

"నా వైపు ఉంది." కాగితాల దొంతర గుండెకి హత్తుకుంది. "మీ వైపు ఏముందో ఇప్పుడు చెప్పొచ్చు. ఫైలు నా దగ్గర లేదు."

చెప్పాను. ఆ బకెట్ అడిగిన రోజునుంచీ అని, మంగళవారం కోసం మిగతా వారమంతా గడుపుతున్నానని, తను రాని మంగళవారం బతికినట్టే లేదని. జిరాక్స్ మెషిన్ ఒకే పేజీ నలభై కాపీలు తీసేదాకా చెప్పాను.

ఆ తర్వాతి మంగళవారం ఆమె ఫైలు లేకుండా వచ్చింది. కప్పు పని ఇంకా మొదలవ్వలేదు, వాన మాత్రం మొదలైంది. పిల్లలు బకెట్లు సర్దుతున్నారు. ఆమె తడుస్తూ గుమ్మంలో నిలబడి, ఈ ఇంటి మనిషి కానట్టు లోపలికి రావడానికి సంకోచిస్తోంది.

అత్త తన కుర్చీలోంచి లేచింది. నాలుగేళ్ళలో వాన పడుతుండగా ఆవిడ ఆ కుర్చీ వదలడం ఎవరమూ చూడలేదు. పక్కనే ఇంకో కుర్చీ లాక్కొచ్చి, రెండూ ఆ తడవని చోట ఇరుకుగా సర్ది, కొంగుతో తుడిచింది.

"రా అమ్మా, కూర్చో," అంది. "ఒరేయ్, నువ్వూ."

తను గొడుగు విప్పుకుని, ఏడో బకెట్ పక్కన నిలబడి అటెండెన్స్ పిలవడం మొదలుపెట్టింది.