మట్టి అడిగిన గొంతు

కడప దాటగానే మైదుకూరు రోడ్డు పక్కన ఒక పాత బంగళా ఉండేది. పొద్దు గుంకాక ఎవరూ అటు పోరు. రెండో ప్రపంచ యుద్ధం నాడు మిలిటరీ దిగినప్పుడు అక్కడ చచ్చిన సిపాయిని పూడ్చకుండా వదిలేశారట. రాత్రిళ్లు మట్టి అడుగుతాడట... చెప్పేవాళ్లే గానీ, విన్నవాడు ఒక్కడూ లేడు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, మిలిటరీవాళ్లు వదిలేసిన రేడియో సామానంతా ఎవరో షావుకారు కొని ఆ బంగళాలో పడేశాడు. దాన్ని బాగుచేసేది హుస్సేన్ సాహెబ్. కరెంటు అలను గీతగా చూపే ఆసిలోస్కోపు అనే గాజుతెర పెట్టె, దాని తీగెలు, తీగెల కొసలకు తొడిగే కొక్కేలు, పళ్ల క్లిప్పులు — ఇవే ఆయన లోకం. దుమ్ము పడకూడదని లోపల గడియ వేసుకునేవాడు.

ఒకరాత్రి ఆయన ఇంటికి రాలేదు. భార్య మాబీ పొరుగింటి ఏసేపును బతిమాలింది.

"పోయి పిల్చుకోని రాప్పా. నా గుండె దడదడమంటాండాది."

తర్వాత సంగతి ఏసేపే నాకు చెప్పాడు, తలెత్తకుండా.

తలుపు గడియ పడి ఉంది. కిటికీలో పచ్చటి వెలుగు... తెర మీద సన్నటి గీత వణుకుతోంది.

"సాహెబూ... యాడుండావు?"

కాసేపటికి చీకట్లోంచి, పళ్లు బిగించి మాట్లాడినట్టు ఒక గొంతు —

"మట్టి... మట్టీ..."

అది సాహెబ్ గొంతులా లేదు. సిపాయి ఆయన్ని పట్టుకున్నాడు, అడిగింది ఇస్తేగాని వదలడు అనుకున్నాడు ఏసేపు. పారిపోలేదు పాపం — పారిపోయి ఉంటే నాకింత కడుపుమంట ఉండేది కాదు. వంగి మూడు పిడికిళ్ల మట్టి తీసి, గోరీలో వేసినట్టే, కిటికీలోంచి గొంతు వచ్చినవైపు వేశాడు.

"తీసుకో నాయనా... ఆయన్ని ఇడిచిపెట్టు."

గొంతు ఆగిపోయింది.

దెయ్యం శాంతించిందనుకుని, ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంటూ మాబీ దగ్గరికి పరుగెత్తాడు. జరిగింది చెప్పాడు.

వింటూనే ఆమె బంగళా వైపు పరుగు తీసింది.

"మట్టి అన్న్యాడా? అయ్యో ఏసేపూ... కరెంటును నేలలోకి దింపే ఎర్తు తీగెను ఆయన మట్టి అనే అంటాడు! ఎప్పుడన్నా పెట్టె కరెంటు పట్టుకుంటే, కిటికీ బయట నేలలో దిగేసిన కడ్డీకి ఆ తీగె క్లిప్పు తగిలిస్తే చాలు, ఇడుస్తాదని నాకు చూపించినాడే!"

ఊడి పడి ఉన్న క్లిప్పును మాబీయే వెతికి తగిలించింది. తర్వాత తలుపు పగలగొట్టారు.

సాహెబ్ చేయి పెట్టె మీదే ఉంది. తెరుచుకున్న కళ్లలో మట్టి.