పసుపుబారిన పలకలు

“మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరయింది మేడమ్! పైగా నేనే పోశానంటున్నాడా మహానుభావుడు!”

జర్మనీలోని ఓల్డెన్‌బుర్గ్‌లో డిటెక్టివ్ గెజీనె హార్మ్స్ దగ్గరికి ఏడుస్తూ వచ్చినవాళ్లను సహాయకుడు ఫోకో చాలామందినే చూశాడు. ఈ టోమ్కెలా నిప్పులు కక్కుతూ వచ్చినవాళ్లు లేరు.

టోమ్కె పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థంతో చేసే సోలార్ సెల్స్ మీద పరిశోధిస్తోంది. గాజుపలకల మీద ఆమె వేసిన నల్లటి పొర నలభై రోజులు చెక్కుచెదరలేదు. దానికి తేమే శత్రువు. తగిలితే పసుపుబారి పనికిరాకుండా పోతుంది. మంగళవారం పన్నెండు పలకలూ పసుపుబారాయి. పలకలుంచిన, తేమ చొరనివ్వని పొడిగది తలుపు తెరిచి వదిలేసిందంటూ ప్రొఫెసర్ రాడెలోఫ్ ఆమెను పరిశోధన నుంచే తీసేశాడు.

పొడిగది తాళాలు ముగ్గురి దగ్గరే ఉన్నాయి: టోమ్కె, రాడెలోఫ్, మెకానిక్ హిన్రిష్. ఆ మంగళవారం తేమ మీటరు గీత ఉదయం తొమ్మిదింటికి లేచి, సరిగ్గా పది నిమిషాలకు దిగడం మొదలెట్టింది. పొడిగది కిటికీ గట్టు మీద, లోపలివైపు, ఎండిన వానచుక్కల మరకలు కనిపించాయి. ఫోకోకు అంతు చిక్కలేదు.

“కిటికీ తెరిచావా?” అని గెజీనె అడిగితే హిన్రిష్ భగ్గుమన్నాడు. “ఇరవై ఏళ్లుగా దాని జోలికి పోలేదమ్మా! ఊపిరాడక చచ్చినా సరే!”

శుక్రవారం ముగ్గుర్నీ ల్యాబ్‌లోని ఒక చిన్నగదిలో కూర్చోబెట్టి, గెజీనె హీటరు పూర్తిగా పెంచింది. రాడెలోఫ్ టోమ్కె మీద విరుచుకుపడుతూనే ఉన్నాడు. “బాధ్యత లేని పిల్ల! అబ్బా, ఏం ఉక్క ఇది!” తిడుతూనే లేచి కిటికీ బార్లా తెరిచి, వాచీ చూసుకున్నాడు. “పది నిమిషాలు చాలు.”

“మంగళవారమూ పది నిమిషాలేనా, ప్రొఫెసర్ గారూ?” అంది గెజీనె. “పొడిగది తలుపు అవతల నడవా. అక్కడ వాన పడదు. చుక్కలు కిటికీలోంచే వచ్చాయి. గడియారం చూసి కిటికీ మూసే మనిషి ఎవరా అనే ఎదురుచూశాను.”

రాడెలోఫ్ మొహం పాలిపోయింది. “రోజూ గాలి కోసం పది నిమిషాలు కిటికీ తెరిచే అలవాటమ్మా... చెయ్యి దానంతటదే పోయింది.”

“చెయ్యి సరే. ఆ పిల్ల మీద నింద వేసింది నోరేగా?” గెజీనెలో అంత కోపం ఫోకో ఎన్నడూ చూడలేదు.

టోమ్కె పసుపు పలకనొకదాన్ని గదిలోని హాట్‌ప్లేట్ మీద పెట్టి, వేడి మూడొందల ఇరవై డిగ్రీలు దాటించింది. అందరి కళ్లముందే అది మళ్లీ నల్లబడింది.

“తేమ దాని రూపం మార్చిందంతే, నా పొరలో లోపం లేదు,” అంటూ రాడెలోఫ్ ముందుకు కాగితం, కలం తోసింది. “క్షమించమని రాయొద్దు సార్. కిటికీ తెరిచింది నేనే అని రాయండి. కింద సంతకం పెట్టండి.”