అనంతరామన్ సారు బయటికి రాలే

మేట్టుపాళయంలో మా కంపెనీ మిషను రూముకి ఏసీ, జనరేటరు రెండూ నా చేతిలోనే. ఈ అళగేశన్ లేకపోతే, ఆ బీరువాలంత మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటరు ఐసు మాదిరి కరిగి వాకిట్లోకి పారుండేది. నవ్వుకోండి, నాకేంది! పదివేల వోల్టులు వొంట్లో పారినా వక్క నములుతా నిలబడినోడ్ని.

రెండువేల ఆరు, వానల కాలం. ఆ రూముకి కిటికీ లేదు. మిట్టమధ్యాన్నమైనా చీకటి, చలి, వేడెక్కిన వైరు వాసన. పచ్చక్షరాల టెర్మినల్ ముందర, ఆ మిషను నడిపే అనంతరామన్ సారు కూర్చోనుండె.

"ఏంది సారూ, మళ్లా షెల్లులోకి దూరినారా?"

"అవున్రా. ఈ స్క్రీను వాకిలనుకో, షెల్లు లోపలి గది. ఆడికి పోయి కమాండు కొడితే మిషను పని చేస్తాది. అయినాక ఎగ్జిట్ కొట్టి బయటికి రావాల. రాకముందు కరెంటు తీయకూడదు."

"తీస్తే లోపల్నే ఉండిపోతారా? తిలగమక్క పండగ చేసుకుంటాది!"

పెండ్లాం పేరు వినేటప్పటికి ఆయన నవ్వె. నాకు చదువు రాదు గానీ ఆ ఎగ్జిట్ గుర్తే. ముందు దువ్వెన, ఆమీట అడ్డం పెట్టిన రెండు పుల్లలు, ఒక కర్ర, చివర్న నెత్తిన దూలమున్న గుంజ.

లోపల ఎవురుండారో చూపించే కమాండు కొట్టె. రెండు వరసలొచ్చె. సారు నవ్వు ఆగిపాయ.

"రెండూ నా పేరేరా... నేను ఒకతూరేగా వచ్చింది?"

ఎగ్జిట్ కొట్టె. మళ్లా అదే షెల్లు. ఇంకోతూరి కొట్టె. అదే...

లైట్లు ఆరిపాయ. మిషను మాత్రం నా జనరేటరు మీద గుర్రుమంటా ఉంది. పచ్చ వెలుతుర్లో స్క్రీను గాజు మీద సారు మొహం. కుర్చీలో ఉండే సారు నోరు మూసుకోనుండాడు. గాజులో నోరు ఆడతా ఉంది.

"అళగేశా... స్విచ్చి ముట్టుకోవద్దురా... నేనింకా బయటికి రాలే..."

కుర్చీలో ఆయన లేచె. "పని అయిపాయ. ఆపేయ్."

పులొచ్చినా కదిలేవాడ్ని కాదు నేను. మెయిన్ స్విచ్చికి అడ్డం నిలబడితి. "ముందు ఎగ్జిట్ కొట్టి రండి సారూ."

ఆయన చెయ్యి నా చెయ్యి మీద పడె. ఏసీ గొట్టం కన్నా చల్లన. ఎడమ చెయ్యి. స్విచ్చి కిందికి లాగేసె.

చీకటి. అయినా కీబోర్డు... టక్... టక్... టక్...

లైట్లొచ్చేటప్పటికి సారు వాకిట్లో టీ తాగతా ఉండె. ఎడమచేత్తో. చొక్కా జేబు కుడిపక్కకి మారుండె.

వారం పోయినాక తిలగమక్క నన్ను చాటుకి పిల్చి, "తమ్ముడూ, మీ సారు అద్దంలో కనబడ్లేదప్పా..." అని గుసగుసగా చెప్పె.

కంపెనీవాళ్లు ఆ టెర్మినల్ పారేస్తే, సారుని ఎట్టన్నా బయటికి తెస్తానని మురుంగపాక్కంలో మా ఇంటికి మోసుకొస్తి. వైరు లేదు. మా ఇంటిది, పాప్పా, రోజూ గాజు తుడిచి తుండు కప్పుతాది. వాన పడితే గాజుకి లోపలిపక్క ఆవిరి పడతాది. దాంట్లో వేలితో గీసినట్టు... గుంజ, కర్ర, అడ్డపుల్లలు, దువ్వెన. దువ్వెన పళ్లు అటుపక్కకి తిరిగి.

ఈ పొద్దు వాన వెలిసినాక తుండు తీసి చూస్తే రెండు వరసలుండాయి. రెండోది సన్నటి వేలితో గీసింది.

"పాప్పా..." అని పిలిస్తి.

"ఏంది మామా?" అనె. వాకిట్లో ముగ్గేస్తా ఉంది.

ఎడమచేత్తో.