బోర్డు నీడలో కుండ

"ఆ ఓడ మునగదు. అదే మన సమస్య," అన్నాడు చీఫ్.

తలుపు గడియ పడి ఉంది. గోడమీద మ్యాపు. మ్యాపుకి ఎదురుగా ఏజెంట్ చీమ నిలబడి ఉంది. అసలు పేరు డిపార్ట్‌మెంటులో ఎవరికీ గుర్తులేదు. నలుగురి మధ్య నిలబడితే ఐదో మనిషి ఉన్నట్టే తెలియదు కాబట్టి ఆ పేరు పెట్టారు. గూఢచారికి అంతకన్నా ఆస్తి ఏం కావాలి?

"మునగకుండా అడ్డంగా కూర్చుంటుంది," చీఫ్ పెన్సిలుతో నది సముద్రంలో కలిసే చోటు చూపించాడు. "ఇక్కడ. పోర్టుకి ఉన్న ఒకే ఒక్క దారిలో. ఎల్లుండి మధ్యాహ్నం రెండు నలభైకి, పోటు నిండుగా ఉన్నప్పుడు, గోధుమల ఓడ లోపలికి వస్తుంది. దాన్ని ఇసుకమేట ఎక్కించాలని ఒక విదేశీ ముఠా ప్లాన్ వేసింది. పోర్టు మూతపడితే వ్యాపారమంతా వాళ్ల పోర్టుకి పోతుంది. ఎలా చేస్తారో తెలీదు. ఆ జిల్లా గురించి చెప్పు."

"తీరం నలభై రెండు మైళ్లు సార్. దాని వెనక చిత్తడి నేల, ఆ వెనక జీడితోటలు. చలికాలం అంటే పుస్తకాల్లో చదువుకోవడమే. జనం రెండు లక్షలు. ముప్పాతిక మంది ఉప్పు, చేపలు, పడవల మీద బతుకుతారు. పండిందీ పట్టిందీ అంతా ఆ పోర్టు మీదుగానే పోవాలి."

"పోర్టు మూస్తే?"

"ఆరు నెలల్లో ఊళ్లు ఖాళీ. ఉప్పు తిని కడుపు నింపుకోలేరుగా సార్."

"ఇంత కంఠతా ఎలా వచ్చింది?"

"అది మా ఊరు సార్."

"అందుకే నిన్ను పంపుతున్నాను. నిజానికి అందుకే పంపకూడదు. మీ అమ్మ ఎదురైతే?"

"నన్ను చూసి ఆరేళ్లయింది. ఇప్పుడు అమ్మకి చూపు ఆనదు. తెల్లటి ఉప్పు మీద ఎండ చూసీ చూసీ కళ్లు పాడైపోయాయి."

చీఫ్ ఒక బిళ్లల డబ్బా ముందుకు తోశాడు. "ఒకటి చప్పరిస్తే నాలుగు గంటలు గొంతు బొంగురు. ఈ చేతిగాజులో వైర్‌లెస్ ఉంది. నీ కవర్: జిల్లా దర్శిని పుస్తకానికి వివరాలు రాసుకునే గుమాస్తా. అక్కడ మన డబుల్ ఏజెంట్ ఉంది. పదేళ్లుగా ముఠా లోపలే. తనే పలకరిస్తుంది. రొయ్యకి ఎన్ని కాళ్లని అడుగుతుంది."

"జవాబు?"

"లెక్కపెట్టేలోపే ఉడికిపోయింది."

* * *

మర్నాడు పొద్దున బీచ్ హోటల్లో చీమ గదులు లెక్క రాసుకుంటోంది. ఎర్ర కారు వచ్చి ఆగింది. ముందు హైహీల్స్ దిగాయి, తర్వాత సెంటు వాసన, ఆ తర్వాత నల్లకళ్లద్దాల మనిషి. తోటమాలి నీళ్లు పట్టడం మర్చిపోయి చూస్తున్నాడు.

"ఏవమ్మా లెక్కలమ్మా, రొయ్యకి ఎన్ని కాళ్లో రాసుకున్నావా?"

చీమ చేతిలో పెన్ను ఆగిపోయింది. చిన్నప్పుడు ఆ గొంతు వింటూ జడ వేయించుకుంది.

"లెక్కపెట్టేలోపే... ఉడికిపోయిందండీ."

తోటమాలి అవతలికి వెళ్లాక ఆమె కళ్లద్దాలు తీసింది. చీమ సొంత అక్క. పదేళ్ల కిందట విదేశీయుల వెంట పడి ఇల్లు వదిలేసిందని, చచ్చిపోయినట్టేనని అమ్మ లెక్కేసుకున్న పెద్దకూతురు.

"ఆ బొంగురు గొంతు అమ్మ దగ్గర పనికొస్తుందే, నా దగ్గర కాదు. ఇంకా కుడికాలు ఈడుస్తూనే నడుస్తున్నావు."

"నువ్వు... మన మనిషివా అక్కా?"

"ఏం, నేనైతే సరిపోనా?"

"మరి అమ్మ నిన్ను..."

"తెలుసు. బజార్లో ఎదురైతే మొహం తిప్పేసుకుంటుంది. కళ్లు కనపడకపోయినా నా సెంటు పట్టేస్తుంది. అమ్మ కోసమైనా సెంటు మానేద్దామనుకుంటాను. కానీ ఈ వేషానికి అది యూనిఫాం." అక్క నవ్వింది. అంతలోనే గొంతు తగ్గించింది. "విను. ఓడని ఎలా మేట ఎక్కిస్తారో ముఠా బాస్ నాకు చెప్పలేదు. నమ్ముతాడు కానీ అంత నమ్మడు. రేపు రెండు నలభైలోపు నువ్వే కనుక్కోవాలి. నాలుగింటికి నా డ్యూటీ ఆఖరు. చీఫ్ మాటిచ్చాడు. ఐదింటికల్లా అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పేస్తాను."

"కొడుతుందేమో."

"కొట్టనీవే. తాకితే చాలు."

* * *

మర్నాడు రెండింటికల్లా చీమ చూడనిది లేదు. ఓడల్ని లోపలికి నడిపించే పైలట్ పడవ ఇంజను బాగుంది. నీటి లోతు రాసిన పలక సరిగ్గానే ఉంది. దీపస్తంభం బాగుంది. ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఆ తీరంలో కాకి కూడా రెక్క విప్పదు. ఎండకి ఊరు ఊరంతా పడుకుంటుంది. చీమ కాళ్లీడ్చుకుంటూ ఉప్పుమడుల గట్టెక్కింది. అక్కడ ఒక్కతే మనిషి, పార పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది.

అమ్మ.

వెళ్లిపోవాలి. రూలు అదే. కానీ అప్పటికే అమ్మ తలెత్తింది. "ఎవరూ?"

"పుస్తకానికి వివరాలు రాసుకోవడానికి వచ్చానవ్వా," అంది చీమ బొంగురు గొంతుతో.

"రాసుకో. నలభై ఏళ్లుగా ఉప్పు పని."

"పిల్లలు?"

"ఒకత్తి. పట్నంలో గుమాస్తా. నెలకో ఉత్తరం రాస్తుంది."

"ఒక్కతేనా?"

అమ్మ పార అంచుకి అంటిన ఉప్పు గీకింది. "కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందమ్మా. ఒకత్తే అని రాసుకో. ఇంద, ఎండన పడి వచ్చావు, నీళ్లు తాగు."

చీమ తాగబోయి ఆగింది. నీళ్లు కాలుతున్నాయి.

"వేడిగా ఉన్నాయి కదూ? నిన్నటి నుంచీ ఇంతే. ఈ పెద్ద బోర్డు నీడలోనే నా కుండ ఉండేది. ఇసుకమేట జరిగినప్పుడల్లా పోర్టువాళ్లు బోర్డుని జరుపుతారు. జరిపే ముందు, కుండ జరుపుకో అవ్వా, అని కేకేస్తారు. ఇరవై ఏళ్లుగా ఏ ఒక్కడూ మర్చిపోలేదు. ఈసారి ఎవడో మర్యాద తెలీనివాడు, చెప్పకుండానే జరిపేశాడు."

చీమ తలెత్తి చూసింది.

గట్టుమీద ముప్పై అడుగుల తెల్లటి చెక్కబోర్డు. వెనక దిబ్బమీద దాని జోడీ ఇంకొకటి. రెండూ ఒకదాని వెనక ఒకటి కనబడేలా ఓడని నడుపుకుంటూ వస్తాడు పైలట్. ముందు బోర్డు కదిలితే ఓడ దారే కదిలిపోతుంది. చీమ వంగి చూసింది. బోర్డు కాళ్లకింది సిమెంటు దిమ్మలు ఈడ్చిన గీతలు. ఇరవై అడుగులు. ఊరంతా పడుకున్న వేళ జరిపేశారు. కుండ సంగతి మాత్రం వాళ్ల మ్యాపులో లేదు.

టైం రెండు ఇరవై రెండు. నది నోటి దగ్గర ఓడ కనబడుతోంది.

చీమ ఉప్పుకుప్ప వెనక్కి పరిగెత్తి గాజు నోటిదగ్గర పెట్టుకుంది. చెప్పింది.

"పోర్టు వైర్‌లెస్ పలకట్లేదు. ఆపరేటర్‌ని కొనేశారు," అన్నాడు చీఫ్. "రెండు బోర్డుల్లో ఒకటి కనపడకపోతే పైలట్ ఓడని ఆపేయాలి. అది రూలు. దాన్ని పడగొట్టు."

"నలుగురు మగాళ్లు కావాలి సార్. అందరూ నిద్రలో ఉన్నారు."

"నా దగ్గర కారుంది," గాజులోంచి అక్క గొంతు. ఆమె చేతికీ అలాంటి గాజే ఉంది.

"ఆగు," అన్నాడు చీఫ్. "బాస్ హోటల్ మేడమీద బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చున్నాడు. ఇంకో మూడు పోర్టుల్లో వాడి మనుషులున్నారు. నువ్వు మన మనిషివని తెలిసిందంటే అందరూ మాయమైపోతారు."

"తాగి గుద్దేశానని అనుకుంటే?"

"అప్పుడు నువ్వు ముఠా లోపలే ఉండాలి. ఆ మూడు పోర్టుల వాళ్లూ దొరికేదాకా."

"ఎన్నాళ్లు?"

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "ఏళ్లు."

గాజులో కారు స్టార్టయిన చప్పుడు వినబడింది. తర్వాత అక్క మామూలుగా అడిగింది, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నట్టు. "అమ్మ ఎక్కడుందే?"

"బోర్డు పక్కనే."

"చెయ్యి పట్టుకుని అవతలి గట్టుకి తీసుకెళ్లు. కారు అటే వస్తుంది."

రెండు ముప్పై ఐదు. ఓడ మేడంత ఎత్తున, నత్తనడకన వస్తోంది. పాటలు హోరెత్తిస్తూ ఎర్ర కారు గట్టెక్కింది. ఒక మలుపు తప్పింది, ఇంకో మలుపు తప్పబోయి తప్పలేదు. కిటికీలోంచి సీసా ఊపుతున్న చెయ్యి. ఆ తర్వాత చెక్కలు విరిగిన చప్పుడు. బోర్డు ఊగింది. ఆగినట్టే ఆగి, మడిలోకి బోర్లా పడింది.

ఓడ మూడుసార్లు కూత పెట్టింది. ఇంజన్లు వెనక్కి తిరిగాయి. లంగరు గొలుసు గడగడా జారింది. ఇసుకమేటకి పడవెడు దూరంలో ఓడ ఆగిపోయింది.

అప్పుడు లేచింది ఊరు. జనం పరిగెత్తుకొచ్చారు. కారులోంచి అక్కని బయటికి లాగారు. నుదుటిమీద నెత్తురు, ఒంటినిండా సారా కంపు. ఆ రెండిటినీ దాటుకుని సెంటు వాసన గాలిలో వచ్చింది. చీమ పట్టుకున్న చెయ్యి ఒక్కసారిగా బిగుసుకుంది.

"అదేనా?" అంది అమ్మ.

"ఆ హోటల్ ఆవిడే అవ్వా, ఒళ్లు తెలీకుండా తాగింది," అన్నాడు ఎవరో.

అమ్మ చెయ్యి విడిపించుకుని వాసన వైపు నడిచింది. వంగి తడి ఉప్పు గుప్పెట నిండా తీసి విసిరింది. "ఓడలకి దారి చూపే కళ్లు పీకేశావు కదే! ఈ ఊరి ఉప్పు తిని పెరిగి, ఈ ఊరి నోట్లోనే మట్టి కొడతావా?"

ఉప్పు సూటిగా మొహమ్మీద పడింది. అక్క తూలింది. మేడమీద బైనాక్యులర్స్ ఇటే చూస్తున్నాయి. అక్క పగలబడి నవ్వింది.

"ఇంకో గుప్పెడు వెయ్యి ముసలమ్మా! దెబ్బకి ఉప్పు మంచిదంట!"

పోలీసులు రెక్కపట్టుకుని లాక్కెళ్లారు. చీమ పక్కనుంచి వెళ్తూ అక్క చూడలేదు. చూడకూడదు కాబట్టి.

గుంపు పలచబడింది. అమ్మ వెనక్కి వచ్చి చెవి ఒగ్గింది. "ఏవమ్మా గుమాస్తా, ఏడుస్తున్నావా?"

"లేదవ్వా."

"అది నీకేమవుతుందని ఏడుస్తావు? పిచ్చిదానా, కన్నదాన్ని, నేనే ఏడవట్లేదు," అంటూ చీమ మొహం తడిమి చెంపలు తుడిచింది. ఆ చేతి ఉప్పుకి చెంపలు మండాయి. తుడవడం అయ్యాక కూడా అమ్మ చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు.

సాయంత్రం ఐదింటికి గాజు మోగింది.

"ఎక్సలెంట్," అన్నాడు చీఫ్. "ఓడ సేఫ్. పోర్టు సేఫ్. క్యాజువల్టీస్?"

"ఎవరూ లేరు సార్."

"గుడ్. బాగా అలిసిపోయి ఉంటావు. రెండు రోజులు సెలవిస్తున్నాను, వేషం తీసేసి మీ అమ్మ దగ్గరికి వెళ్లి రా. కబుర్లు చెప్పుకోండి."

చీమ థాంక్యూ సార్ అంది. బహుమతి ఇచ్చినా శిక్ష వేసినా అదే జవాబు చెప్పాల్సిన ఉద్యోగం మరి.