నాన్న బెల్టు

1951 మే నెలలో ఆ శనివారం పొద్దున ఇంట్లో ఉన్నది అయిదుగురు. పొయ్యి దగ్గర అమ్మ ఓపల్. బల్ల ముందు నాన్న హోబర్ట్, ఆయనకు ఎదురుగా భుజం విరిగిన కొడుకు గార్లండ్. వరండాలో బఠాణీలు ఒలుస్తూ నాయనమ్మ. లోపలికి రావాలా వద్దా అన్నట్టు వంటింటి గుమ్మంలో నిలబడ్డ పద్దెనిమిదేళ్ల కూతురు వెల్డా.

నాయనమ్మ కూర్చున్నది కుర్చీలో కాదు, ఫోర్డు కారు వెనక సీటులో. అమెరికాలోని కరోలినా కొండల కింద ఆ కాలంలో చర్చికి వెళ్లే కారే ఎర్రమట్టి ట్రాకు మీద పందేనికీ దిగేది. పందెం రోజు బరువు తగ్గించడానికి సీటు ఊడదీసి వరండాలో పడేసేవారు. ఆదివారం ప్రార్థనకు ముందు అది మళ్లీ కారులోకి చేరేది.

కానీ ఈ వారం తమ కారుకు పందెం లేదనే ఇంట్లోవాళ్లు అనుకున్నారు. పోయిన శనివారం గార్లండ్ మూడో మలుపులో కంచెను గుద్దాడు. పందెంలో తెరుచుకోకుండా కారు తలుపును బిగించి కట్టే అతని బెల్టు ఇప్పుడు అతని చేతిని మెడకు వేలాడదీస్తోంది.

"ఒరేయ్ హోబర్టూ! పందెం లేదన్నారు, మరి ఈ సీటెవరు ఊడదీశార్రా?" అని వరండాలోంచి కేకేసింది నాయనమ్మ.

నాన్న గార్లండ్ కేసి చూశాడు.

"నన్ను చూస్తావేంటి నాన్నా? ఒంటి చేత్తో చొక్కా బొత్తాలే పెట్టుకోలేక చస్తున్నా."

"నేనే," అంది వెల్డా. ఎవరికీ వినపడలేదు. గొంతు సవరించుకుని మళ్లీ అంది. "నేనే తీశాను. ఇవాళ ఆడవాళ్ల పందెం ఉంది. పది చుట్లే. పేరిచ్చాను."

"ఎవరి పేరే?" అంది అమ్మ.

"నాదే."

అమ్మ చేతిలో గరిటె గ్రేవీలో మునిగిపోయింది. నాన్న నవ్వబోయి, కూతురి మొహం చూసి ఆగిపోయాడు.

"చర్చిలో పాడమంటే మీ అమ్మ వెనక దాక్కుంటావు. రెండు వేల మంది ముందు కారు తోలుతావా?"

"కారులో కూర్చుంటే నన్నెవరు చూస్తారు నాన్నా? కారుని చూస్తారు."

"అడగరా, ఇంకా అడుగు!" వరండాలోంచి నాయనమ్మ నవ్వింది.

నాన్నకు కోపం వచ్చింది. బల్ల మీద గుద్దాడు. "వద్దంటే వద్దు! ఒకడు విరగ్గొట్టుకున్నది చాలదా? వారం రోజులు కష్టపడి వాడు బాగుచేసుకున్న కారు అది. ఒంటి చేత్తో!"

గార్లండ్ చెవులు ఎర్రబడ్డాయి.

"నాన్నా, ఒంటి చేత్తో ఇంజను ఎవరైనా విప్పుతారా?"

"అంటే?"

"రెండేళ్లుగా నేను తిప్పింది స్టీరింగు ఒక్కటే. నువ్వు రంపం మిల్లుకు వెళ్లగానే బానెట్ కింద దూరేది మన వెల్డానే. ట్రాకు మట్టి తడిగా ఉంటే కారుని ఎలా సిద్ధం చెయ్యాలో, ఎండితే ఎలా చెయ్యాలో అన్నీ దీనికే తెలుసు. నువ్వు ఊరంతా నన్ను పొగుడుతుంటే నిజం చెప్పబుద్ధి కాలేదు."

నాన్న వెల్డా కుడి చెయ్యి అందుకుని తిప్పి చూశాడు. రోజూ భోజనానికి ముందు ప్రార్థనలో తను పట్టుకునే చెయ్యే. గోళ్ల చుట్టూ నల్లటి గీతలు.

"పొయ్యి మసి అనుకున్నానే," అన్నాడు మెల్లగా. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

"కారు గురించి నువ్వెప్పుడూ అన్నయ్యనే అడిగేవాడివి."

ఆయన కళ్లు తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. కాసేపటికి అమ్మ కిటికీలోంచి తొంగిచూస్తే, ఆయన వంగి పందెంలో కారు దీపాల అద్దాలు పగలకుండా వాటి మీద పట్టీలు అంటిస్తున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి ట్రాకు దగ్గర ఎర్రదుమ్ము ఆకాశానికి లేస్తోంది. పొరుగింటివాళ్ల ట్రక్కులో ఆ సీటు మీదే నాయనమ్మ దర్జాగా కూర్చుంది. అన్నయ్య హెల్మెట్ పెట్టుకుని వెల్డా కారెక్కింది. మైకులో తన పేరు వినపడగానే తల వంచేసుకుంది.

"తలుపుకి బెల్టేదీ?" అన్నాడు నాన్న.

గార్లండ్ తన చేతిని వేలాడదీసిన బెల్టు విప్పబోయాడు.

"ఆగరా!" అంటూ నాన్న తన నడుముకున్న బెల్టు సర్రున లాగాడు. ప్యాంటు జారబోయింది. అమ్మ పరుగున వచ్చి వెనక నుంచి దాన్ని పట్టుకుంది. జనం ఈలలు వేశారు.

"ఒరేయ్, రెండు వేల మంది చూస్తున్నార్రా!" అని అరిచింది నాయనమ్మ.

"చూడనీ అమ్మా." నాన్న కూతురి వైపు వంగాడు. "అందరూ నన్నే చూస్తారు. నువ్వు సిగ్గుపడకుండా తోలుకో."

వెల్డా కళ్లనిండా నీళ్లతో పకపకా నవ్వింది. తలెత్తి స్టీరింగు పట్టుకుంది. ఆయన తలుపు గట్టిగా మూసి, తన బెల్టుతో బిగించి కట్టాడు.