పక్కన గొణిగిన గొంతు

ఉదయం ఆరున్నర అయింది. పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. కిటికీ గట్టు మీద నిలబెట్టిన ఫోనులో ఏడేళ్ళ పిల్లవాడొకడు ఏనుగు నీళ్ళు తాగిన కథను ఊపిరి తిప్పుకోకుండా చదివేస్తున్నాడు. ఆ ఇంటి కోడలు పాల మీద కన్నూ, కథ మీద చెవీ ఉంచి నిలబడింది. కథ ముగియగానే ఫోను వైపు వంగింది.

"ఏనుగు మాట్లాడేటప్పుడు గొంతు లావు చేశావు చూడూ, నిజంగా మా వంటింట్లోకి ఏనుగే వచ్చిందనుకున్నా! రేపు చుక్క కనబడ్డ చోటల్లా కాస్త ఆగు నాన్నా, సరేనా?"

ముందుగదిలో ప్రాతఃప్రార్థన ముగించుకుని వార్తాపత్రిక విప్పిన మామగారు కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు.

"ఇది ఇల్లా, బడా? తెల్లారిందో లేదో, వంటింట్లో ఒంటికాలి మీద పాఠాలు!"

"ముప్ఫై ఆరేళ్ళపాటు మీరు బడి నుంచి ఇంటికి కోపం మోసుకొచ్చారు. ఆ అమ్మాయి కథలు తెస్తోంది. నాకిదే హాయిగా ఉంది," అన్నారు అత్తగారు, కూర తరుగుతూనే.

ఆయనను ఊరంతా పెద్దమాస్టారనే పిలిచేవారు. భాషాబోధకుడిగా చేరి ప్రధానోపాధ్యాయుడిగా విరమించిన మనిషి. వందల పద్యాలు ఆయన నాలుక మీద ఉండేవి. శబ్దం ఒక్కటి తప్పు పలికితే సహించేవారు కారు. కోడలు రెండు వీధుల అవతలి బడిలో రెండవ తరగతికి టీచరు. ఆమె పద్ధతి ఆయనకు ఏ కోశానా నచ్చలేదు.

ఆ పద్ధతి నిజానికి చాలా సులువైనది. సోమవారం నాడు ఆమె ఒక కథ బొమ్మలతో సహా తరగతి యాప్‌లో పెడుతుంది. పిల్లలు ఇంట్లో అమ్మ పక్కనో, నాన్న పక్కనో కూర్చుని రోజుకు అరపేజీ బిగ్గరగా చదవాలి. పెద్దవాళ్ళు ఎర్రబొత్తం నొక్కి ఆ చదువును రికార్డు చేసి పంపాలి. ముప్ఫై ఒక్కమంది చదివినదీ ఆమె వింటుంది. విని ఒక్కొక్కరికీ తన గొంతుతోనే జవాబు చెబుతుంది. అందులో మెచ్చుకోలు ఒకటి, సవరణ ఒకటి, అంతే, మూడోమాట ఉండదు. తల్లిదండ్రుల సమావేశానికి మునుపు పదకొండు మందికి మించి వచ్చేవారు కారు. ఇప్పుడు బస్సు నడిపే తండ్రి కూడా డిపోలో భోజనం చేస్తూ కూతురి చదువు విని, "టీచర్‌గారూ, ఇవాళ రెండే తప్పులండీ!" అని గర్వంగా కబురు పెడుతున్నాడు.

తరువాతి రికార్డింగు పిచ్చుకది. ఆ పిల్ల గొంతు మరీ సన్నం కనుక తరగతిలో ఆ పేరు స్థిరపడిపోయింది. తల్లి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. పిచ్చుక ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదువుతుంటే, వెనుక ఎవరో సన్నగా గొణుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

కోడలు చిరునవ్వుతో ఎర్రబొత్తం నొక్కింది. "పిచ్చుకా, ఇవాళ చాలా బాగా..."

అంతలో పై అంతస్తు నుంచి కేక వినబడింది. "టీచరమ్మా! మీ ట్యాంకు పొంగి మెట్లన్నీ తడిసిపోతున్నాయి, మోటారు ఆపండి!"

ఆమె ఫోను అలాగే వదిలి పరుగెత్తింది. కాఫీ కోసం వంటింట్లోకి వచ్చిన పెద్దమాస్టారు గోడకు ఆనుకుని నిలబడి భార్యతో మొదలుపెట్టారు.

"విన్నావా ఆ చదువు? ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య లోకం తిరిగి రావచ్చు! పక్కన ఆ గొణుగుడొకటి. తల్లికే అక్షరం ముక్క రాకపోతే పిల్లకెక్కణ్ణుంచి వస్తుంది? బట్టలు ఉతుక్కునేవాళ్ళకి రికార్డింగులు, జవాబులు! గాలిలో ముగ్గులేస్తోంది మన కోడలు."

"పొద్దున్నే ఎందుకండీ ఆ మాటలు?"

"ఉన్నమాట అన్నాను. ఇదేమిటీ, ఈ ఎర్రదీపం మిణుకుమిణుకుమంటోంది?" అంటూ ఆయన, వెలుగుతున్న దీపాన్ని ఆర్పే మనిషిలా, తెర మీది బాణం గుర్తును వేలితో నొక్కారు. దీపం ఆరింది. ఆయన కాఫీ గ్లాసు అందుకుని వెళ్ళిపోయారు.

కోడలు తిరిగి వచ్చేసరికి జవాబు వెళ్ళినట్టు గుర్తు కనబడింది. తాను పలికిన ఆ నాలుగు మాటలూ వెళ్ళాయనుకుని, మిగిలినది బడిలో చెబుదామనుకుంది.

మరునాటి నుంచి పిచ్చుక చదువు రావడం మానేసింది.

మొదటి రెండు రోజులు కోడలు పట్టించుకోలేదు. మూడోరోజు అడిగితే పిల్ల నేల చూపులు చూసింది. అయిదోరోజు తరగతిలో చదవమని లేపితే పెదవులు కదిలాయి గాని గొంతు బయటకు రాలేదు. మూడు నెలలు కష్టపడి తెప్పించిన గొంతు అది. తొమ్మిదోరోజు సాయంత్రం బడి వదలగానే ఆమె నేరుగా లాండ్రీకి వెళ్ళింది.

ఆవిరితో నిండిన పొడవాటి గది అది. తెల్లటి దుప్పట్ల గుట్టల నడుమ పిచ్చుక తల్లి ఇస్త్రీపెట్టె తోస్తోంది. టీచరును చూసి కంగారుగా చేతులు తుడుచుకుంది.

"ఫోను పాడైందా అమ్మా? పాప చదువు రావడం లేదేం?"

"బాగానే ఉంది మేడమ్."

"మరి?"

తల్లి దుప్పటి మడత సరిచేసింది. సరిగా ఉన్న మడతనే మళ్ళీ సరిచేసింది.

"పెద్దాయన అన్నదాంట్లో అబద్ధం ఏముంది మేడమ్? నాకు అక్షరం రాదు. బట్టలే ఉతుకుతాను. నాకేం బాధ లేదు. కానీ అది వింటున్నంతసేపూ నా కూతురు నా మొహమే చూసింది. దానికేం చెప్పాలో తెలియలేదు."

"ఏ పెద్దాయన? ఏమన్నారు?"

తల్లి అరచేతిలో ఇమిడిన పాతఫోను తీసి వినిపించింది. తన గొంతు, ఆ తరువాత మేడమీది కేక, ఆపైన మామగారి మాటలు! కోడలికి ఆ ఆవిరి గదిలో ఒళ్ళు చల్లబడింది.

"ఇన్నాళ్ళూ ఇది ఎందుకు ఉంచుకున్నావమ్మా?"

"చెరపడం రాదు మేడమ్," అంది తల్లి.

కోడలు తానే ఆ మాటలను చెరిపివేయబోయి, ఒక్క క్షణం ఆగి, ముందు తన ఫోనుకు పంపుకుంది. ఆ తరువాతే చెరిపింది.

ఇంటికి చేరేసరికి పెద్దమాస్టారు వాలుకుర్చీలో ఉన్నారు. అత్తగారు ఎదురుగా కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతున్నారు. కోడలు చెప్పులు విడిచి, చేతిసంచి కింద పెట్టకుండానే నిలబడింది.

"మామయ్యగారూ, మీరొకటి వినాలి."

వినిపించింది. ఆయన తల పక్కకు వంచి, శిష్యుడి పద్యం వింటున్నట్టు శ్రద్ధగా విన్నారు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"ఎవరమ్మా ఈ మనిషి? ఇంత కటువుగా మాట్లాడుతున్నాడు?"

అత్తగారి చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. మాటలు సగం దాటేసరికి ఆయన ముఖంలో రంగు మారింది. జీవితమంతా ఎందరి ఉచ్చారణనో సరిదిద్దిన మనిషి, తన గొంతు ఎదుటివారి చెవికి ఎలా చేరుతుందో ఎన్నడూ విని ఎరుగరు.

"ఇది... ఎక్కడికి వెళ్ళింది?"

"పిచ్చుక ఇంటికి. తల్లీకూతుళ్ళు ఒకేచోట కూర్చుని విన్నారు. తొమ్మిది రోజులైంది, ఆ పిల్ల నోరు విప్పి."

"నేను పంపలేదు! నేను దీపం ఆర్పాను. ఆ దిక్కుమాలిన యంత్రం..." ఆయన గొంతు హెచ్చింది. "అయినా నా ఇంట్లో, నా భార్యతో ఏదో అనుకున్నాను. దానికి ఇంత రాద్ధాంతమా?"

ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ కోడలు మామగారికి ఎదురు చెప్పి ఎరుగదు. ఇప్పుడూ గొంతు పెంచలేదు.

"పంపడం పొరపాటే మామయ్యగారూ, ఒప్పుకుంటాను. ఫోను అలా వదిలి వెళ్ళడం నా తప్పు కూడా. మరి అనడం? ఇంట్లో అంటే ఆ మాట మంచిదైపోతుందా?"

ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇంకొకటి వినండి," అంటూ ఆమె ఎదుట కూర్చుంది. "ఇది మూడు నెలల కిందటిది." పిచ్చుక ఒక్కతే చదువుతోంది. వెనుక నిశ్శబ్దం. "ఇది రెండు నెలలకు ముందుది." ఇప్పుడు వెనుక ఒక గొంతు లీలగా ఉంది. "ఇది తొమ్మిది రోజుల కిందటిది, మీరు విన్నదే. వెనక గొంతు వినండి. పాపను కాదు."

పెద్దమాస్టారు కళ్ళు మూసుకున్నారు. పిచ్చుక ఒక మాట చదివింది. అరక్షణం తరువాత అదే మాట, మెల్లగా, భయంభయంగా, పక్కనుంచి వినబడింది. ఇంకో మాట. దాని వెనుక మళ్ళీ అదే మాట.

"గొణుగుడు కాదు మామయ్యగారూ. కూతురు వేలుపెట్టి చూపిస్తోంది, తల్లి చదువుతోంది. నేను చదవమన్నది పిల్లనే. ఆవిడ ఎవరికీ చెప్పకుండా తనే చేరింది మా తరగతిలో. ముప్ఫై రెండో విద్యార్థి ఉందని నాకు నెల కిందటే తెలిసింది. తెలిసినట్టు కనబడితే సిగ్గుపడి మానేస్తుందని ఊరుకున్నా."

ఆ మాటతో ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దమాస్టారు భార్య వైపు తిరిగారు.

"నీకు గుర్తుందా? మార్కుల కాగితాల మీద సంతకానికి తల్లులు వచ్చేవారు. రాదంటే సిరాపెట్టె ముందుకు తోసేవాణ్ణి. వేలిముద్ర వేయించుకుని 'ఇక వెళ్ళమ్మా' అనేవాణ్ణి. ఎన్ని వందల వేళ్ళో! ఒక్కరినైనా కూర్చోమని, ఇదిగో ఇది నీ పేరు అని రాసి చూపించలేదే!"

ఆ ఒప్పుకోలు విని అత్తగారు మొదటిసారి ఎగతాళి మాట ఏదీ అనలేదు. దగ్గరకు వచ్చి భుజం మీద చేయి వేశారు.

మరునాడు ఉదయం ఆయన ఉతికిన బట్టలు కట్టుకుని లాండ్రీకి బయలుదేరబోతుంటే కోడలే ఆపింది. "నలుగురు పనివాళ్ళ ముందు మీరు వెళ్ళి నిలబడితే ఆవిడ ఇంకా ముడుచుకుపోతుంది. ఆ మాట కూతురి ముందు వింది. ఈ మాటా కూతురి ముందే వినాలి."

ఆయన ఫోను ముందు కూర్చుని గొంతు సవరించుకున్నారు. ఎర్రబొత్తం వెలిగింది.

"సోదరీమణీ! వాక్సంయమనమును విస్మరించి, అవివేకవశమున నేనాడిన పరుషవాక్యములకు..."

"ఏమండీ," అన్నారు అత్తగారు, "క్షమాపణ చెబుతున్నారా, సన్మానపత్రం చదువుతున్నారా?"

కోడలు నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. చిత్రమేమిటంటే ఆయనకూ నవ్వు వచ్చింది. చెరిపించి మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి మాట తడబడింది. ఆయన దాన్ని దిద్దుకోలేదు.

"అమ్మా, నేను పెద్దమాస్టారిని. ఆ రోజు నీ గురించి చెడ్డమాట అన్నాను. తప్పు నాది. నువ్వు చదువుకుంటున్నావని తెలియలేదు... తెలియకపోయినా అనకూడదు. ముప్ఫై ఆరేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, నీలాంటి తల్లులకు ఒక్క అక్షరం చెప్పలేదు. నీ కూతురు చెబుతోంది. పిచ్చుకా, నువ్వు నాకంటే మంచి మాస్టారివమ్మా. ఆపకు."

ఆ రోజు జవాబు రాలేదు. రెండోరోజూ రాలేదు. ఆయన పత్రిక విప్పుకుంటున్నారే గాని పేజీ తిరగడం లేదు. వంటింట్లో ఫోను మోగినప్పుడల్లా, "ఎవరిదమ్మాయ్?" అని అడుగుతున్నారు. ఇల్లా బడా అని అడగడం లేదు.

మూడోరోజు సాయంత్రం కోడలు పరుగున ముందుగదిలోకి వచ్చింది. ఫోను ఆయన ఒడిలో పెట్టింది.

మొదట పిచ్చుక గొంతు వినబడింది, సన్నగా, స్పష్టంగా: "ఇవాళ మా అమ్మ చదువుతుంది."

తరువాత తల్లి గొంతు. పక్కనుంచి కాదు, ఎదురుగా. "వాన... వెలిసింది. ఆకాశంలో... ఇం... ఇంద..." అక్కడ గొంతు ఆగిపోయింది. చాలాసేపు ఏమీ లేదు. ఎక్కడో ఒక గిన్నె చప్పుడు, వీధిలో ఒక బండి వెళ్ళిన సవ్వడి. పిచ్చుక పలకలేదు. తల్లి ఊపిరి వినబడింది. ఇంకా ఏమీ లేదు. ఆ తరువాత మెల్లగా, తప్పు లేకుండా: "ఇంద్రధనుస్సు... వచ్చింది."

"వచ్చేసిందమ్మా!" అని పిచ్చుక చప్పట్లు.

"మాస్టారూ, తప్పులుంటే చెప్పండి," అని తల్లి మాటతో రికార్డింగు ముగిసింది.

కోడలు కళ్ళు తుడుచుకుంది. "జవాబు మీరే చెప్పాలి మామయ్యగారూ. మెచ్చుకోలు ఒకటి, సవరణ ఒకటి."

ఆయన తల అడ్డంగా ఊపారు. చెంపలు తడిగా ఉన్నాయి. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

"సవరణా? నేనా?" అన్నారు. "మళ్ళీ ఒకసారి పెట్టమ్మా. ఆ మాట దగ్గర ఆ పిల్ల ఎంతసేపు ఆగిందో విన్నావా? జవాబు తెలిసి కూడా నోరు మూసుకుని, వాళ్ళమ్మే పలికేదాకా ఆగింది. ఇన్నేళ్ళలో అంతసేపు నేనెవరి కోసమూ ఆగలేదమ్మా."

కోడలు మళ్ళీ వినిపించింది. ఆ నిశ్శబ్దం వచ్చినప్పుడు ముగ్గురూ ఊపిరి బిగబట్టి, ఆ తల్లి పలికేదాకా ఆగారు.