మల్లిన్స్ మిట్ట మీద పలికిన గొంతు

మా టార్బెట్ కౌంటీలో మల్లిన్స్ మిట్ట పేరెత్తితే ఇప్పటికీ మాట మార్చేస్తారు. అక్కడి చర్చి ఎప్పుడో కాలిపోయింది. మిగిలింది శ్మశానం ఒక్కటే. ఆ రాళ్ళ మీది పేర్లు పైకి చదివితే... పోయినవాళ్ళు పలుకుతారట.

మా వెర్లీన్ అత్త నవ్వేసేది. ముప్పయ్యేళ్ళు పోస్టాఫీసులో చేసిన మనిషి. కౌంటీలో ఎవరి తాత ఎవరో, ఎప్పుడు పుట్టి ఎప్పుడు పోయారో అంతా రాసి పుస్తకం వేయిస్తోంది. సోమవారం అచ్చుకి వెళ్ళాలి. మల్లిన్స్ మిట్ట ఒక్కటే మిగిలింది — అక్కడికి వెళ్ళేవాడే లేడు మరి!

అక్టోబరు చివర. చీకటి పడ్డాకే బయల్దేరింది. అరిగిన అక్షరాలు పగలు ఆనవు. చీకట్లో పక్కనుంచి టార్చి వేస్తే లేచి నిలబడతాయి. తోడుకి తమ్ముడు డాయిల్‌ని, అంటే మా నాన్నని, లాక్కుపోయింది.

అత్త చదవడం, నాన్న రాయడం. ఆకు కదలడం లేదు. మోకాలెత్తు గడ్డి...

చిట్టచివరి రాయి దగ్గర అత్త వంగింది. "రాసుకో. ఓరిన్ లాస్లీ."

"ఆఁ..."

నాన్న పెన్సిలు ఆగిపోయింది. "అక్కా... పలికింది నువ్వేనా?"

"నోర్మూసుకుని రాయరా. పుట్టింది పద్దెనిమిది వందల ఎనభై తొమ్మిది—"

"కాదు..." గొంతు నేలలోంచి వస్తోంది. బొంగురుగా, నీరసంగా. "తొంభై ఒకటి..."

అంతే! నాన్న పుస్తకం గిరాటేసి మిట్ట దిగిపోయాడు. సాయం తేవడానికే వెళ్ళానంటాడు నాన్న. సాయానికి వెళ్ళేవాడు ఒక బూటు వదిలేసి వెళ్తాడా అంటుంది అత్త.

 అత్తకీ పారిపోవాలనే ఉంది. కానీ — తప్పు తేదీతో పుస్తకమా?

రాయి మీదికి ఇంకాస్త వంగి, గుసగుసగా అడిగింది. "తొంభై ఒకటని... ఆధారం ఏంటి?"

 నేలలోంచి సన్నగా —

"ఇంట్లో బైబిల్లో రాసుంది... మా నాయనమ్మ చేత్తో."

"దయ్యానికి ఇల్లెక్కడిది?"

"దయ్యాన్ని కాదు తల్లీ! ఒహాయో నుంచి వచ్చాను. తాడుందేమో చూడు!"

అత్త గడ్డిలోకి టార్చి తిప్పింది. రాయి వెనకే పుచ్చిపోయిన చెక్కలు, వాటి మధ్య పెద్ద కన్నం. పాత చర్చి వాళ్ళ ఎండిపోయిన బావి. అడుగున అరవయ్యేళ్ళ మనిషి, విరిగిన కాలు పట్టుకుని, పళ్ళు కొట్టుకుంటూ కూర్చున్నాడు. ఓరిన్ లాస్లీ మనవడు. తాత పేరే పెట్టారట. పొద్దున తాత సమాధి మీద గడ్డి కోయడానికొచ్చి, చెక్కల మీద కాలేశాడు.

ఈలోగా నాన్న — ఒంటి బూటుతోనే — ఇద్దరు మనుషుల్ని తెచ్చాడు. వాళ్ళ బండిలో తాడుంది. పైకి లాగారు. ఇంకో రెండు గంటలైతే ఆ చలికి బతికేవాడు కాదని తర్వాత డాక్టరు అన్నాడు.

అత్త తన కోటు కప్పి, ఫ్లాస్కులో కాఫీ పట్టింది.

"అరిచి అరిచి గొంతు పోయింది," అన్నాడాయన. "మధ్యాహ్నం ఇద్దరు వేటగాళ్ళొచ్చారు. నా కేక విని దేవుణ్ణి తలుచుకుంటూ పారిపోయారు. ఇక మగత కమ్మేస్తుంటే ఎవరో పేరు పెట్టి పిలిచారు... పలికాను. ఈ ఊళ్ళో ఆగి మాట్లాడింది మీరొక్కరేనమ్మా. మీ రుణం ఎలా తీర్చుకోను?"

అత్త ఆయన చేతిలో కప్పు సరిగ్గా పెట్టింది.

"ఆ బైబిలు," అంది, "ఆదివారంలోగా తెప్పించగలరా?"